ఊరు విడిచిన ఊరు: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

1921వ సంవత్సరపు వేసవి. సముద్రతీరానికి చేరువనున్న చీరాల పట్టణంలో జనం ఇళ్ళకు తాళాలు వేసి, తట్టాబుట్టా బండ్లకెత్తి, పశువులను ముందు తోలుకొని, పసిపిల్లలను చంకనెత్తుకొని పొలిమేర దాటి వెళ్ళిపోయినారు. కరువు వచ్చి కాదు. కలరా సోకి కాదు. శత్రువులు దండెత్తి కాదు. పురపాలక సంఘం మాకు వద్దు, దాని పన్ను మేము కట్టము, కట్టక తప్పదంటారా, ఆ సంఘపు హద్దులలో మేము ఉండనే ఉండము అని వారు ఊరినే వదలినారు. సుమారు 15 వేల జనాభాగల పట్టణంలో దాదాపు 13 వేలమంది ఇట్లు బయలుదేరి, హద్దుకు అవతల పాకలు వేసుకొని, ఆ పాకల పల్లెకు రాంనగరమని పేరుపెట్టి 11 నెలలు కాపురమున్నారు.

చీరాల నేతగాండ్ర ఊరు. గొల్లభామ చీరలు నేసే సిద్దిపేట మగ్గాలను చూచిన చింతమడక ప్రాంతపు పాఠకులకు ఈ వలసలోని కష్టం వేరే చెప్పనక్కరలేదు. గుంటమగ్గం చాపవలె చుట్టి చంకన పెట్టుకొని పోయే వస్తువు కాదు. నేల త్రవ్వి, గుంజలు పాతి, గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుండి తొక్కుడుకర్రలు తొక్కుతూ నేయవలె. మగ్గాన్ని పెకలించడమంటే నేతగానికి పొయ్యిలోని నిప్పు ఆర్పుకొనడమే. అట్టి వారిని వేల సంఖ్యలో ఇల్లు కదిలించగలిగినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన రాజు కాడు, జమీందారు కాడు, పీఠాధిపతి కాడు. ఆయన చేతిలో అధికారమనే వస్తువు ఏనాడూ లేదు.

గోపాలకృష్ణయ్య 1889వ సంవత్సరం జూన్ 2వ తేదీన కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో జన్మించినారు. పురిటి మంచంలోనే తల్లి కన్నుమూసినది. మాటలు వచ్చీరాని వయస్సులో తండ్రి పోయినాడు. బంధువుల పోషణలో పెరిగి, గుంటూరు సీమలో చదువుకొని, కొంతకాలం బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగం చేసినారు. ప్రభుత్వం పన్ను ఎట్లు వేస్తుంది, ఎట్లు వసూలు చేస్తుంది అనే విద్యకు అక్షరాభ్యాసం ఆ కచేరీలోనే జరిగి ఉండవచ్చును. తరువాత 1911లో, మిత్రుడు నడింపల్లి నరసింహారావు తోడ్పాటుతో, విదేశయానం చేసి స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి అర్థశాస్త్రం అభ్యసించి ఎం.ఏ. పట్టం పొందినారు.

ఎడింబరో అర్థశాస్త్ర విద్యార్థికి ఒక విధంగా యాత్రాస్థలం. ఆడం స్మిత్ పండితుడు 1790లో మరణించినది అక్కడనే. ఆయన సమాధి ఆ నగరంలోనే ఉన్నది. స్మిత్ తన 1776నాటి గ్రంథంలో పన్నుకు నాలుగు లక్షణాలు చెప్పినాడు. కట్టేవాని శక్తికి తగినదై ఉండవలె. ఎంత, ఎప్పుడు అన్నది ముందే నిశ్చయంగా తెలియవలె. కట్టేవానికి అనువైన వేళలో, అనువైన రీతిలో వసూలు కావలె. వసూలు ఖర్చులకే పన్ను హరించుకు పోరాదు. ఉపాధ్యాయులు నేటికీ ఈ నాలుగింటిని తరగతిలో చెప్పుచునే ఉన్నారు. గోపాలకృష్ణయ్య వాటిని చదువుకొని వచ్చి, చీరాల వీధులలో పరీక్షకు పెట్టినారు.

అయితే ఆయన కేవలం అర్థశాస్త్రి కాడు. సంగీత నాట్యాలమీద ఆయనకు ప్రాణం. ఆనంద కుమారస్వామితో కలసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లీకరించగా, ఆ గ్రంథాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం ప్రకటించినది. స్వదేశానికి వచ్చిన పిమ్మట రాజమహేంద్రవరంలోను, బందరు ఆంధ్రజాతీయ కళాశాలలోను అధ్యాపకులుగా ఉన్నారు గాని, ఎక్కడా ఎక్కువకాలం ఇమడలేదు. ఒకరి క్రింద ఒదిగి ఉండడం ఆయన జాతకంలో లేదు. చమత్కారి; సభలో నిలుచుంటే నవ్వించేవారు; ఆశువుగా చాటువులు విసిరేవారు. అవి నేటికీ ఆంధ్రుల నోళ్ళలో ఆడుతున్నవి. చివరకు చీరాల చేరి, ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను నెలకొల్పి, సారస్వతాన్ని, కళలను పోషించే పనిలో పడినారు. అక్కడ పురపాలక సంఘపు సమస్య ఆయనకోసం కాచుకొని ఉన్నది.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట అనే నాలుగు పల్లెలు అంతవరకు ఒక యూనియను పరిపాలనలో ఉండినవి. యూనియను పన్ను ఏటా సుమారు 4 వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం దీనిని పురపాలక సంఘంగా మార్చినది. పన్ను 40 వేల రూపాయలకు పెరిగినది. లెక్కల మాస్టారు బల్లమీద వేసి చూపదగిన లెక్క ఇది. 15 వేల జనానికి 4 వేల రూపాయలంటే తలకు నాలుగణాల చిల్లర. 40 వేలంటే తలకు రెండు రూపాయల పదణాలకు పైన. అయిదుగురున్న ఇంటికి ఏడాదికి రూపాయి పావలాకు కొంచెం పైగా పడేది, పదమూడు రూపాయలు దాటినది. నూలు అప్పు తెచ్చి బట్ట నేసి, బట్ట అమ్మి అప్పు తీర్చి, మిగిలిన దానితో గంజి కాచుకొనే ఇంటిమీద ఈ బరువు పడినది.

ప్రభుత్వ పక్షాన చెప్పదగిన మాట లేకపోలేదు. ఊరు పెరిగినది; రైలు వచ్చినది; మురుగు పోవుటకు కాలువలు, రాత్రి దీపాలు, రోగం వస్తే వైద్యం కావలెను; వీటికి డబ్బు ఎక్కడనుండి వస్తుంది? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కాని చీరాలవారి ప్రశ్న దీనికంటె ముందుది. ఆ సదుపాయాలు కావలెనని మిమ్ములను ఎవరు అడిగినారు? వాటి వెల ఇంత అని ఎవరితో బేరమాడి నిర్ణయించినారు? అంగడిలో చీర కొనబోయినవాడు వెల నచ్చకపోతే లేచి వస్తాడు. చీర చుట్టబెట్టి చంకన పెట్టి, ఇంటికి మనిషిని పంపి డబ్బు వసూలు చేసే వర్తకుణ్ణి లోకం వర్తకుడనదు. చీరాల ప్రజలు అంగడిలో బ్రతికేవారు. వారికి ఈ భేదం పుస్తకం చదువకుండానే తెలుసు.

ఈ భేదాన్నే పట్టుకొని పాశ్చాత్య దేశాలలో ఒక ఆలోచనా సంప్రదాయం బయలుదేరినది. 1849లో మొలినారి అనే బెల్జియం అర్థశాస్త్రి, అన్ని వస్తువులలోను పోటీ మేలు చేస్తున్నప్పుడు ప్రజారక్షణ అనే ఒక్క పనిలో మాత్రం ప్రభుత్వానికి గుత్త ఎందుకు ఉండవలెనని ప్రశ్నించినాడు. 1851లో హెర్బర్టు స్పెన్సరు, రాజ్యం ఇచ్చే రక్షణను వదులుకొని దాని భారాన్నీ వదులుకొనే హక్కు మనిషికి ఉన్నదని ఒక అధ్యాయమే వ్రాసినాడు. మాటలతో ఊరుకోక చేసి చూపినవారు కూడా ఉన్నారు. అమెరికాలో స్పూనరు అనే న్యాయవాది 1844లో ప్రభుత్వ తపాలాకు పోటీగా సొంత ఉత్తరాల కంపెనీ పెట్టి తక్కువ రుసుముకు ఉత్తరాలు చేర్చినాడు. ప్రభుత్వం వ్యాజ్యాలతో ఆయనను అణచివేసినది గాని, తన రుసుమును కూడా తగ్గించుకొనక తప్పలేదు. అంతకు రెండేండ్ల తరువాత, 1846లో, థోరో పన్ను కట్టనని చెప్పి ఒక రాత్రి చెరసాలలో గడిపినాడు.

వీరి మతాన్ని మన భాషలో అరాజకవాదమంటే వినేవారు ఉలిక్కిపడతారు. అరాజకమంటే మనకు దోపిడీ, దొమ్మీ. భారతంలో శాంతిపర్వం కూడా రాజు లేనినాడు పెద్దచేప చిన్నచేపను మ్రింగుతుందని హెచ్చరించినది. కాని అదే శాంతిపర్వంలో భీష్ముడు మరొక మాట కూడా చెప్పినాడు. మొదట రాజ్యం లేదు, రాజు లేడు, దండం లేదు, దండించేవాడు లేడు. ప్రజలు ధర్మంచేతనే ఒకరినొకరు కాపాడుకొనేవారట. మొదటి మాటను మాత్రమే కంఠస్థం చేసి రెండవదానిని మనం మరచినాము.

గోపాలకృష్ణయ్యను స్పెన్సరు శిష్యుడనడం పొరపాటు. ఆయన పూర్వాచారాలయందు గౌరవం కలవారు. ఆయన నోట వచ్చే మాట ధర్మం గాని వ్యక్తి స్వాతంత్ర్యం కాదు. పాశ్చాత్యులు ఒంటరి మనిషిని నిలబెట్టి అతని హక్కు ఏమిటని అడిగినారు. ఈయన ఊరిని నిలబెట్టి అడిగినారు. కాని ఉభయులూ చేరినది ఒకే గడపకు. అడగని సేవకు అంగీకరించని వెల చెల్లించమంటే కాదనే అధికారం చెల్లించేవానికి ఉన్నదా లేదా?

కాదనడం సులభం. ప్రభుత్వం చేసే పనిని ప్రభుత్వం లేకుండా ఎవరు చేస్తారన్నది రెండవ ప్రశ్న. గోపాలకృష్ణయ్య దీనికి సమాధానంగా రామదండును నిర్మించినారు. రామునికి వానరులు జీతంకోసం వారధి కట్టలేదు గదా. కాషాయ వస్త్రాలు ధరించి, క్రమశిక్షణకు లోబడి, కూలి ఆశించక పనిచేసే సేవకుల దళమది. తిరునాళ్ళలో, సభలలో జనసమ్మర్దాన్ని అదుపుచేయడం, దాహమన్నవారికి నీళ్ళందించడం, తప్పిపోయిన పిల్లలను తల్లులకు చేర్చడం వారి పని. 1921 మార్చి చివర బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు, గాంధీ మహాత్ముని చూడవచ్చిన అపార జనసముద్రాన్ని ఈ దండు లాఠీ లేకుండా అదుపులో ఉంచినది. పోలీసు లేనిదే జనం క్రమంగా ఉండరనే నమ్మకం ఆ రెండు రోజులలో బెజవాడలో వీగిపోయినది.

ఇంతలో చీరాలలో పన్నుల పోరు ముదిరినది. ప్రజలు మొదట అర్జీలు పెట్టుకొన్నారు; ఫలితం లేదు. సంఘ సభ్యులు రాజీనామా ఇచ్చినారు. ప్రభుత్వం తన మనిషిని అధ్యక్షునిగా కూర్చుండబెట్టి పరిపాలన సాగించినది. 1921 జనవరినాటికి పన్ను నిరాకరణ మొదలైనది. పన్ను కట్టనివారిలో 12 మందిని చెరసాలకు పంపినారు. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ ఉన్నది. ఆనాటి ఉద్యమాలలో కారాగారానికి వెళ్ళిన మొట్టమొదటి మహిళ ఆమెయే అని చెప్పుదురు. గడప దాటని కాలంలో ఆ యమ్మ పురపాలక సంఘపు పన్నుకోసం చెరసాల గడప దాటినది. ఆమెకు మన పాఠ్యగ్రంథాలలో ఒక పంక్తికి మించి చోటు దొరకకపోవడం విచారకరం.

ఇందులో ఒక విపరీతం గమనించదగినది. అప్పుడు మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు, సాక్షాత్తు తెలుగువారు. 1919నాటి సంస్కరణలు ఈ శాఖను భారతీయ మంత్రులకు అప్పగించినవి. ప్రజలకు తమ ఊరిని తామే పాలించుకొనే భాగ్యం కలిగించుటకే పురపాలక సంఘాలని వారి వాదం. చీరాలవారు ఆ భాగ్యం మాకు వద్దన్నారు. వద్దన్నవారిని చెరసాలలో పెట్టి స్వపరిపాలన నేర్పవలసి వచ్చినది. మంత్రిగారిని కలసి మాట్లాడినా రాజీ కుదరలేదు. ఆ శాఖ పేరులోని స్వ అనే అక్షరం ఎవరిదన్నదే తగవు.

1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీజీ చీరాల వచ్చినారు. గోపాలకృష్ణయ్య ఊరి సంగతి వివరించి సలహా కోరినారు. గాంధీజీ రెండు దారులు చూపినారు. ఒకటి, శాంతియుతంగా పన్ను నిరాకరించి, వచ్చిన శిక్ష అనుభవించడం. రెండవది, పురపాలక సంఘపు హద్దులు విడిచి వెళ్ళిపోవడం. ఏది చేసినా మీ బలంమీద మీరు చేయవలె, కాంగ్రెసు ధనసహాయం చేస్తుందని ఆశించవద్దని కూడా చెప్పినారు. ఊరు విడవడమనే ఆలోచన గాంధీజీకి అప్పటికప్పుడు పుట్టినది కాదు. 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్‌లో ఆయన ఒక చిన్న సంస్థానపు ముచ్చట చెప్పినారు. ప్రభువు ఆజ్ఞ నచ్చక ప్రజలు ఊరు ఖాళీచేయ నారంభించగా, ప్రభువు బెదిరి క్షమాపణ కోరి ఆజ్ఞను ఉపసంహరించుకొన్నాడట. పూర్వం మన దేశంలో శిస్తు భరించలేని రైతులు రాత్రికి రాత్రి గ్రామం విడిచి మరొక ప్రభువు సీమకు పోవడం కద్దు. దున్నేవాడు లేనిదే ప్రభువుకు ఫలితమేమి? అందుచేత ప్రజల కాళ్ళే వారి ఆయుధాలు.

చీరాలవారు రెండవ దారి పట్టినారు. ఇందులో చట్టపు సూక్ష్మమొకటి ఉన్నది. పురపాలక చట్టం హద్దు రాళ్ళ లోపలనే చెల్లుతుంది. హద్దు దాటినవాడు పన్ను ఎగవేసినవాడు కాడు. అతడు పన్ను బాకీపడనేలేదు. ఒక్క మాట పొల్లు పోకుండా చట్టాన్ని పాటించి చట్టాన్ని ఓడించే ఉపాయమది. కచేరీ అనుభవం, ఎడింబరో చదువు, చాటుకవి చమత్కారం, మూడూ కలిస్తే తప్ప ఇట్టి పని ఎవరికీ తట్టదు, తట్టినా చేయించలేరు.

రాంనగరపు జీవితం గురించి తలచుకొన్నప్పుడు మన పెద్దలు దానిని రామరాజ్యంగా వర్ణించడం అలవాటు. నిజం కొంచెం కష్టమైనది. ఏప్రిల్, మే నెలల ఎండలో నీడలేని బయలున పాకలు వేసినారు. తరువాత వానలు వచ్చినవి, పాకలు కారినవి, రోగాలు పుట్టినవి. పిల్లలకు, వృద్ధులకు, బాలెంతలకు ఆ జీవితం ఎంత దుర్భరమో ఊహించుకొనవచ్చును. పొలిమేర కావల కూతవేటు దూరంలో సొంత ఇల్లు, పెంకుల కప్పు, పెరటి బావి కనబడుతున్నవి. తిరిగి పోవడానికి అడ్డు చెప్పే సంకెల లేదు. అయినా నెల గడిచినది, రెండు నెలలు గడిచినవి, చాలమంది కదలలేదు. ఈ పరీక్షను మించిన ఎన్నిక ఏ దేశంలోనైనా జరిగినదా అని సందేహం. ప్రతి ఉదయం నిద్ర లేవగానే ప్రతి కుటుంబమూ తన కాళ్ళతో మరల ఓటు వేసినది.

అక్కడ వారు తమకు తాము ఏర్పాట్లు చేసుకొన్నారు. అన్ని కులాలవారి ప్రతినిధులతో ఒక సభ ఏర్పడినది. తగవులు తీర్చుటకు పంచాయతీ పెట్టుకొన్నారు. కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరం లేకుండా ఇరుపక్షాలవారు కూర్చుండి పెద్దల తీర్పును అంగీకరించడం దాని పద్ధతి. తీర్పును అమలుజరిపే బంట్రోతు లేడు. ఇరుగుపొరుగుల ఎదుట మాట పోతుందనే భయమే బంట్రోతు. కాపలా, సేవ రామదండువారివి. నూలు వర్తకుడు, నేతగాడు, బట్ట కొనేవాడు కూడా ఊరితోపాటు కదలినందువల్ల బేరసారాలు పూర్తిగా నిలిచిపోలేదు. ప్రభుత్వం లేకపోతే ఉప్పు, పప్పు కూడా దొరకవని భయపడేవారికి ఇది చెప్పదగిన సంగతి. సంత నడవడానికి కలెక్టరుగారు రానక్కరలేదు; అమ్మేవాడు, కొనేవాడు ఉంటే చాలును.

అయితే ఈ స్వచ్ఛంద వ్యవస్థలో లోపాలు లేవనరాదు. ఊరిమాటకు కట్టుబడడం కూడా ఒక విధమైన ఒత్తిడియే. అందరూ పోతున్నప్పుడు తాను మిగిలిపోతే రేపు నిప్పుకు, నీళ్ళకు ఎవరింటికి పోవలెనన్న శంకతో కదలిన బడుగులు కొందరైనా ఉండి ఉంటారు. ప్రభుత్వపు దండం కంటికి కనబడుతుంది. ఊరి దండం కనబడదు. అంతకంటె పెద్ద చిక్కు డబ్బు. పన్ను బలవంతంగా వసూలైతే అన్యాయం. చందా ఇష్టంగా ఇమ్మంటే చాలదు. ప్రయోజనం అందరిదీ అయినప్పుడు, ఖర్చు పక్కవాడు పెట్టుకొంటాడులే అనుకొనే బుద్ధి మానవసహజం. పాకలు మరమ్మతు చేయవలె, పని పోయినవారికి గంజి పోయవలె, మందులు కొనవలె. 13 వేల నోళ్ళకు ఊరి చందాలు చాలలేదు. చాలని భాగం నాయకుడు ఇతర ఊళ్ళు తిరిగి, సభలలో మాట్లాడి తేవలసి వచ్చినది.

అక్కడనే దెబ్బ తగిలినది. నిధులకోసం తిరుగుతూ గోపాలకృష్ణయ్య అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాము సీమలోని బరంపురం వెళ్ళినారు. సభలలో ప్రసంగించరాదని అధికారులు నిషేధాజ్ఞ ఇచ్చినారు. పాటించవలసిన పద్ధతి ఆయనకు తెలియనిది కాదు, పాటించలేదు. నిర్బంధించి ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి చెరసాలకు పంపినారు. చీరాల ప్రజలను పదునాలుగు వేల పోలీసులు కదలించలేకపోయి ఉండవచ్చును. ఒక్క మనిషిని తీసివేయడంతో కదలిపోయినారు. రాంనగరపు పంచాయతీ ఉన్నది, ప్రతినిధులున్నారు, దండు ఉన్నది. కాని అవన్నీ ఆయన నవ్వుమీద, ఆయన కంఠంమీద నిలిచినవని అప్పుడు తేలినది. ఎవరి అధికారమూ లేని ఊరు కట్టబోయి, తనకు తెలియకుండానే, తానులేక నిలువని ఊరు కట్టినారు. ఆయన జీవితంలోని పెద్ద విషాదం ఇదియే గాని చెరసాల కాదు.

1922 ఆరంభానికి జనం అలసిపోయినారు. ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన దరిమిలా గాంధీజీ సత్యాగ్రహాన్ని దేశమంతటా నిలిపివేసినారు. ఒక్కొక్క కుటుంబమే తిరిగి చీరాల చేరి, ఏడాదిగా మూసియున్న తలుపుల తాళాలు తీసినది. పన్నులు కట్టినారు. అదే కాలంలో అదే గుంటూరు మండలంలో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన భూమిశిస్తు నిరాకరించి, వారు కూడా గాంధీజీ మాటతో విరమించినారు. పల్నాటి అడవులలో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలి అయినాడు. మూడు చోట్ల మూడు విధాల పన్ను, ఒక్క ప్రశ్న. వాటిలో చీరాల విశేషమేమంటే, తక్కిన ఇద్దరికీ వదలిపోలేని భూమి, అడవి ఉన్నవి. నేతగానికి మాత్రం విద్య తన చేతులలో ఉన్నది గనుక హద్దు దాటే సాహసం చేయగలిగినాడు. అయినా ఆ హద్దుకు అవతల కూడా ఉన్నది అదే మద్రాసు ప్రభుత్వమే. పురపాలక సంఘాన్ని విడువవచ్చును గాని, రాజధానిని విడిచి పోవుటకు చోటు లేదు. మొలినారి కోరినట్లు పోటీగా మరొక ప్రభుత్వం ప్రక్కన ఉండి ఉంటే కథ మరొక విధంగా నడిచేదో ఏమో. పూర్వపు రైతుకు పక్క సీమ ప్రభువు ఉన్నాడు. 1921నాటి నేతగానికి లేడు.

చెరనుండి విడుదలైన గోపాలకృష్ణయ్య మరల రాజకీయాలలో పాల్గొన్నారు. శాసనసభలలో ప్రవేశించవలెనా వద్దా అని కాంగ్రెసు రెండుగా చీలినప్పుడు ఆయన స్వరాజ్యపక్షాన నిలిచినారు. సాధన అనే పత్రికను నడపినారు. ఆంధ్రరత్న అని లోకం బిరుదు ఇచ్చినది గాని, బిరుదుతో పొయ్యి వెలుగదు. చేతికి వచ్చిన డబ్బు నిలువ చేసే గుణం ఆయనకు మొదటినుండి లేదు. ఇంటికి వచ్చినవారికి పెట్టడం, కళాకారులను ఆదరించడం, ఉద్యమానికి వెచ్చించడం, చివరకు అప్పులు. అర్థశాస్త్రంలో పట్టం పొందినవానికి సొంత ఇంటి జమాఖర్చు ఏనాడూ కుదరలేదు. పేదరికంతోపాటు క్షయరోగం ప్రవేశించినది.

తుదిదినాలలోను ఆయన హాస్యం మానలేదని తెలిసినవారు చెప్పుకొన్నారు. 1928వ సంవత్సరం జూన్ 10వ తేదీన, 39 ఏండ్లు నిండిన ఎనిమిదవనాడు, గోపాలకృష్ణయ్య పరమపదించినారు. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయానికి తరువాతివారు ఆంధ్రరత్న భవనమని పేరుపెట్టినారు. చీరాల 1970లో ప్రకాశం జిల్లాలోను, 2022లో బాపట్ల జిల్లాలోను చేరినది. హద్దులు మారినవి, మగ్గాలు ఊరిలోనే ఉన్నవి.